కొబ్బరి మంచిగనే ఉంది

వెయిటర్ హండీ మూత తీశాడు. టేబుల్ చుట్టూ ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఒక్కసారిగా గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. స్వరూపకు ఆవిరి మాత్రమే కనిపించింది.

ఆవిరి ముఖానికి వెచ్చగా తగిలింది. అందులో ఇంకేమీ లేదు.

"అబ్బ, ఏం ఖుష్బూ" అన్నాడు ఎల్లేష్. ధూల్‌పేటలో గణపతి విగ్రహాలకు రంగులు వేసి, చివరన కళ్లు దిద్దడం అతని పని. ఎంత కడుక్కున్నా గోళ్ల అంచున పసుపు రంగు పోదు. "పొద్దుగాల నుంచి కడుపు మాడ్చుకున్నందుకు ఫాయిదా అయింది."

"నేనిచ్చే దావత్‌కు ఒక్కపొద్దుండి వచ్చినవా బాపూ?" అంది ఆశ్రిత.

"మరి? బిడ్డ మొదటి జీతం తిండి. సగం కడుపుతోని వస్తే నీకు ఇజ్జత్ ఉంటదా?"

ఆశ్రితకు కళ్లద్దాల షాపులో ఉద్యోగం వచ్చి నెల దాటింది. ఆదివారం సాయంత్రం అమ్మానాన్నలను పురానాపూల్ దాటించి, మెహదీపట్నం వైపున్న ఈ ఫ్యామిలీ హోటల్‌కు తీసుకొచ్చింది. లోపల పిల్లల గోల, స్టీలు గ్లాసుల చప్పుడు, పై ఫ్యాను టకటక. వెయిటర్ గరిటెతో బిర్యానీ పొర చెదరకుండా పైకెత్తి ప్లేట్లలో వేస్తున్నాడు.

"అమ్మా, ఆట షురూ చెయ్" అంది ఆశ్రిత.

ఆట వాళ్లింట్లో పాతదే. ఎక్కడ తిన్నా, రోడ్డు పక్క మిరపకాయ బజ్జీ అయినా, స్వరూప కళ్లు మూసుకుని వాసన చూసి అందులో ఏమేం పడ్డాయో చెప్పాలి. తండ్రీకూతుళ్లు బండివాణ్ణో వెయిటర్‌నో అడిగి సరిచూసుకోవాలి. ఇంతవరకు స్వరూప ఓడింది లేదు.

స్వరూప కళ్లు మూసుకుంది. చీకటి. ముక్కులోకి గాలి వచ్చింది, పోయింది. చల్లగా, ఖాళీగా. రెప్పలు కాస్త ఎత్తి ప్లేటులోకి చూసింది. పుదీనా ఆకు. నల్ల గింజ.

"షాజీరా" అంది. "యాలకులు. పుదీనా. జాపత్రి జర ఎక్కువైంది." ఇద్దరూ ఇంకా చూస్తున్నారు. ఏ హోటల్ బిర్యానీలోనైనా ఉండేదే కదా అనుకుని ఒక అడుగు ముందుకేసింది. "కేవ్డా కూడా పడ్డది, మొగలిపూల నీళ్లు."

ఎల్లేష్ వెయిటర్ వంక చూశాడు.

"కేవ్డా నహీఁ అమ్మా" అన్నాడు వెయిటర్, నొచ్చుకున్నట్టుగా. "పది దినాల సంది స్టాకే లేదు. మావోళ్లు అదే పరేషాన్ల ఉన్నరు."

"ఔట్" అని టేబుల్ మీద కొట్టాడు ఎల్లేష్. ఆశ్రిత విరగబడి నవ్వింది. స్వరూప కూడా నవ్వింది.

"జలుబు తగ్గలేదు ఇంకా" అంది.

జలుబు తగ్గి వారమైంది, వాసన మాత్రం ఇంకా తిరిగి రాలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంది. మెత్తగా ఉంది, ఉప్పగా ఉంది, కారంగా ఉంది. అన్నం తిన్నట్టే ఉంది. బిర్యానీ తిన్నట్టు లేదు.

"ఎట్లుందమ్మా?" అంది ఆశ్రిత.

"మస్తుంది బిడ్డా" అంది స్వరూప.

*

మరునాడు తెల్లవారకముందే లేచి ఇంగువ డబ్బా మూత తీసింది. ఏమీ లేదు. దేవుడి గూట్లోని కర్పూరం బిళ్లను వేళ్లతో నలిపి ముక్కుకు ఆనించుకుంది. ఏమీ లేదు. దండెం మీద ఎల్లేష్ చొక్కా ఉంది. దానికి రంగులో కలిపే థిన్నర్ వాసన ఎంత ఘాటుగా పడుతుందంటే, ఇరవై ఏళ్లుగా దాన్ని మిగతా బట్టలతో కలిపి ఉతికింది లేదు. ఆ చొక్కాలో ముఖం దాచుకుని నిలబడింది. గుడ్డ గరుకుగా తగిలింది.

ఆరు గంటలకు కార్వాన్‌లో తాను వంట చేసే కైలాసం మెస్ వెనక గేటు తీసింది.

ముందు ఆరు టేబుళ్లు, పక్కన గల్లాపెట్టె, దాని వెనక కైలాసం. మేడ మీద అతని కుటుంబం. వంటకు ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. కైలాసం భార్య సావిత్రి పూజగదిలో నైవేద్యం పెట్టి గంట కొట్టేదాకా వంటింట్లో ఎవరూ మెతుకు నోట్లో వేసుకోకూడదు. రుచి చూడకూడదు. ఉప్పు చూడకూడదు. దేవుడి కంటే ముందు నాలుక తగిలితే అది ఎంగిలి. ఉప్పు చేతి కొలత. మిగతాదంతా ముక్కు. పప్పులో పోపు, చారులో చింతపండు పచ్చిదనం, వేగే పల్లీల రంగు మారే క్షణం, అన్నీ స్వరూప ముక్కుతోనే తేల్చేది. కొత్త గిరాకీ ఎవరైనా వస్తే కైలాసం ఇదే చెప్పేవాడు.

"మా స్వరూప ముక్కుకు సర్కారు లైసెన్స్ ఇయ్యాలె భాయ్."

వంటింటి వెనక తలుపుకు రాతి గడప. గడప అవతల రేకుల కింద గ్రైండర్, నల్లా, కూరగాయల బుట్టలు. అక్కడ సుందరమ్మ. అరవై దాటిన మనిషి, కిషన్‌బాగ్ నుంచి వస్తుంది. తరిగినవి, రుబ్బినవి గిన్నెల్లో పెట్టి గడప మీద ఉంచుతుంది. స్వరూప తీసుకుంటుంది. తొమ్మిదేళ్లలో సుందరమ్మ ఆ గడప దాటలేదు. దాటొద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఆదివారం చర్చికి పోయే మనిషి రుబ్బిన మసాలా పనికొస్తుంది, మనిషి మాత్రం పొయ్యి దగ్గరికి రాదు. అది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి దాని గురించి మాట్లాడేవారు కాదు.

పోయిన వారంలాగే సోమవారం కూడా స్వరూప చెవులతో వండింది. ఆవాలు చిటపట ఆగాక ఎన్ని అంకెలు లెక్కపెడితే జీలకర్ర వేగుతుందో లెక్కపెట్టింది. ఉల్లిపాయ రంగు చూసి దించింది. మంగళవారం కళ్లు మంట పుట్టేలా బాణలిలోకి వంగి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. బుధవారం మధ్యాహ్నం మెస్ నుంచి నేరుగా బస్తీ దవాఖానాకు వెళ్లింది.

"వైరస్ జలుబు తర్వాత కొందరికి ఇట్ల అవుతది" అంది డాక్టరమ్మ. "మూడు నెలల్లో రావచ్చు. ఇంకా లేటు కావచ్చు. కొందరికి రాదు. పనేం చేస్తరు మీరు?"

"ఇంట్లనే ఉంటనమ్మా" అంది స్వరూప.

ఎల్లేష్‌కు చెప్పలేదు. చవితి దాటితే అతనికి ఆరు నెలలు పని ఉండదు. వాసన తెలియని వంటమనిషిని ఏ ఇంట్లో పెట్టుకుంటారు? గుడ్డివాడితో దేవుడి కళ్లు దిద్దిస్తారా?

*

గురువారం బగారా బైంగన్. కార్వాన్ బట్టల షాపుల వాళ్లంతా ఆ రోజు ఇంటి క్యారేజీ మానేసి వస్తారు. లేత వంకాయలు, తొడిమ ఊడకుండా నాలుగు పక్షాలుగా కోసినవి, గడప మీద ఉప్పునీళ్ల బేసిన్‌లో తేలుతున్నాయి. పల్లీలు, నువ్వులు స్వరూప వేయించాలి. ఎండు కొబ్బరి సుందరమ్మ తరిగి ఇవ్వాలి. కైలాసం పొద్దున్నే బేగంబజార్ నుంచి కొత్త కొబ్బరి సంచీ తెచ్చి గేటు దగ్గర పడేశాడు.

సుందరమ్మ ఒక చిప్పను కత్తిపీట మీద రెండు చేసి ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకో చిప్ప తీసింది.

"సేటూ" అని పిలిచింది. "ఈ కొబ్బరి పాత నూనె కంపు కొడుతుంది."

గల్లాపెట్టె తుడుస్తున్న కైలాసం గుడ్డ భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఏంది?"

"పాతబడ్డ మాల్ ఇది. మీకు అంటగట్టిండు ఎవడో."

కైలాసం ముఖం ముడుచుకుంది. నలభై ఏళ్లుగా బేగంబజార్‌లో తిరుగుతున్న మనిషిని మోసపోయావని గ్రైండర్ దగ్గర కూర్చున్న ముసలమ్మ అంటోంది. "నాకు అంటగట్టెటోడు పుట్టలేదు ఇంకా. స్వరూపా, జర చూడు."

సుందరమ్మ చిప్పను గడప మీద పెట్టింది. స్వరూప తీసుకుంది.

తెల్లగానే ఉంది. అంచున మాత్రం కొద్దిగా పసుపు. వేలితో గీరింది. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. అటు కైలాసం చూస్తున్నాడు. ఇటు సుందరమ్మ చూస్తోంది. పసుపు అంటే పాతదేనా? కొన్ని కొత్తవీ అట్లాగే ఉంటాయి కదా. బాగాలేదు అంటే? సేటు తానే వాసన చూస్తాడు. బాగుందని తేలితే? ఇవాళ సుందరమ్మ కొబ్బరి బాగాలేదని చెప్పేదాకా ఈ వంటింట్లో ఎవరి ముక్కునూ ఎవరూ పరీక్షించలేదు.

"కొబ్బరి మంచిగనే ఉంది" అంది స్వరూప.

"ఇన్నవా?" అన్నాడు కైలాసం, వెళ్లిపోతూ.

సుందరమ్మ చెయ్యి చాపి దాన్ని వెనక్కి తీసుకుంది. చిప్పను మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ చూసింది. తర్వాత కత్తిపీట ముందుకు జరిగి కూర్చుని తరగడం మొదలుపెట్టింది.

పన్నెండు గంటలకు మేడ మీద గంట మోగింది. మామూలుగా నైవేద్యం కాగానే మొదటి ప్లేటు తినేది సావిత్రే. గురువారం ఆమెకు ఒక్కపొద్దు. చీకటి పడ్డాకే తింటుంది.

పన్నెండుంపావుకు రామ్‌చందర్ ప్లేటు వెనక్కి వచ్చింది. పదిహేనేళ్లుగా మూలటేబుల్ దగ్గర కూర్చునే చీరల వ్యాపారి అతను. గట్టిగా మాట్లాడే అలవాటు.

"క్యా సేటూ, సైకిల్ చైనుకేసే నూనెతోని వండిన్రా ఇయ్యాల?"

పక్క టేబుల్ వాళ్లు ముద్ద ఆపి చూశారు. ఒకడు ప్లేటు ఎత్తి వాసన చూశాడు. ఇంకొకడు వంకాయను పక్కకు నెట్టి పెరుగు అడిగాడు. ఒంటిగంటకల్లా డేగిసాలో ముప్పావు వంతు అలాగే ఉండిపోయింది.

కైలాసం వంటింట్లోకి వచ్చి గరిటెతో కాస్త పులుసు చేతిలో పోసుకుని నాకాడు. వెంటనే నల్లా దగ్గరికి వెళ్లి ఉమ్మేశాడు. కాసేపు సంచీ వంక చూశాడు. స్వరూప వంక చూశాడు. చివరికి చూపు గడప దాటింది.

"గ్రైండర్ కడిగినవా నువ్వు?"

"కడిగిన సేటూ."

"కడిగితే గీ కంపు ఏంది?"

"కొబ్బరి అని పొద్దుగాలనే చెప్పిన గద."

"కొబ్బరి మంచిగనే ఉందని స్వరూప అన్నది. పదకొండేండ్ల సంది ఆమె ముక్కు తప్పలేదు. మరి నువ్వు తప్పా, ఆమె తప్పా?"

స్వరూప చేతిలో గరిటె ఉంది. దాన్ని గుడ్డతో తుడిచింది. తుడిచిన గరిటెనే తిప్పి మళ్లీ తుడిచింది.

"నిన్న రుబ్బిన పిండి లోపట ఉండి పులిసింది. కడగలేదు నువ్వు" అన్నాడు కైలాసం. తన మాట తనకే కుదురుకున్నట్టయింది. "రేపటి సంది రాకు."

సుందరమ్మ లేచింది. గ్రైండర్ డ్రమ్ము ఊడదీసి, పీచుతో లోపలా బయటా ఇంకోసారి తోమి, ఎండకు బోర్లించింది. తడిగుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. టిఫిన్ డబ్బా సంచీలో వేసుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"స్వరూపా. నిజంగనే మంచిగుండెనా అది?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే ఉంది.

"నాకైతే గట్లనే అనిపించిందక్కా" అంది స్వరూప.

*

శుక్రవారం గ్రైండర్ పని కూడా స్వరూపే చేసింది. శనివారం కైలాసం ఇంకో షాపు నుంచి చిన్న పొట్లం కొబ్బరి తెచ్చాడు. గేటు దగ్గరి సంచీని తానే ఈడ్చుకుంటూ వెళ్లి స్టోరు గదిలో గ్యాస్ సిలిండర్ల వెనక పెట్టాడు. దాని మీద పాత పరదా ఒకటి కప్పాడు. స్వరూప చూసింది. ఆమె చూడటాన్ని అతనూ చూశాడు.

"సాలెగూళ్లు దులిపియ్యాలె ఈడ" అని బయటికి వెళ్లిపోయాడు.

ఆదివారం మెస్‌కు సెలవు. మధ్యాహ్నానికి స్వరూప కిషన్‌బాగ్ చేరింది. చర్చి నుంచి వచ్చిన తెల్లచీర ఇంకా మార్చుకోలేదు సుందరమ్మ. ఒకటే గది, మూలన గ్యాస్ పొయ్యి, కిటికీ అరుగు మీద ఒక స్టీలు పళ్లెం. పళ్లెంలో ఒక సబ్బు ముక్క, కాఫీ పొడి పొట్లం, ఇంగువ డబ్బా, ఒక ఎండు చేప, కుళ్లిన నిమ్మకాయ. వరసగా పేర్చి ఉన్నాయి. ఇల్లు సర్దుతోంది కాబోలు అనుకుంది స్వరూప.

"దా బిడ్డా. తొవ్వ మరిచిపోయి వచ్చినవా?"

"నిన్ను చూద్దామనే వచ్చిన."

"చూడు మరి. ముసల్దాన్ని, మారిందేం లేదు." బయట నల్లా చప్పుడు వినిపించింది. సుందరమ్మ బకెట్ అందుకుంది. "నీళ్లొచ్చినయ్. గల్లీల అందరికంటే ముంగట నిలబడకుంటే లొల్లి. అన్నం పొయ్యి మీద ఉంది, జర చూస్తుండు."

స్వరూప పొయ్యి పక్కనే పీట మీద గోడకు ఆనుకుని కూర్చుంది. చెప్పాల్సిన మాట దారంతా కూడగట్టుకుంటూ వచ్చింది. అక్కా, నాకు వాసన తెలుస్తలేదు. కాదు, ముందు తప్పయింది అనాలి. అక్కా, తప్పయింది. అప్పుడు ఆమె ఏ తప్పు అంటుంది. అప్పుడు—

గల్లీలోంచి చెప్పుల చప్పుడు పరుగులా వచ్చింది. బకెట్ గుమ్మంలో దబ్బున పడింది.

"స్వరూపా, అన్నం మాడుతుంది. గల్లీ మొగదాక కొడుతుంది వాసన, నువ్వు పక్కనే కూసొని..."

సుందరమ్మ మాట అక్కడ ఆగిపోయింది.

స్వరూప తల తిప్పి చూసింది. గిన్నె అంచుల నుంచి పొగ సన్నగా లేస్తోంది. ఆమె చేతికి జానెడు దూరంలో.

సుందరమ్మ పొయ్యి ఆర్పింది. గిన్నె దించింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లి పళ్లెం తెచ్చి, స్వరూప ఎదుట చతికిలబడింది.

"కండ్లు మూసుకో."

స్వరూప మూసుకుంది.

"ఇదేంది?"

ముక్కు కింద ఏదో లోహం అంచు చల్లగా తగిలింది. "తెల్వదక్కా."

"ఇది?"

"తెల్వది."

"ఇది?"

స్వరూప మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. కళ్లు తెరిచేసరికి సుందరమ్మ చేతిలో ఎండు చేప ఉంది.

"ఎన్ని దినాల సంది?"

"రెండు వారాలైంది."

"మరి గురువారం?"

"తెల్వకనే చెప్పిన. భయమై చెప్పిన."

సుందరమ్మ చేపను పళ్లెంలో పెట్టింది. పళ్లెం పక్కకు జరిపింది. గొంతు పెద్దది చేయలేదు.

"నువ్వు మంచిగుంది అన్నవ్. నీ ముక్కు తప్పదు. అంటే నాదే తప్పింది, వయసొచ్చి చెడిపోయిందనుకున్న. మూడు దినాల సంది గివన్ని ముంగటేసుకొని కూసున్న. ఒకటి చూసుడు, నిజంగనే వస్తుందా, నేను అనుకుంటున్ననా అని మళ్ల ఇంకోటి చూసుడు. పొద్దున ప్రార్థనల కూడా గదే అడిగిన. ప్రభువా, ఉన్నవి అరిగిపోయిన మోకాళ్లు, సగం కండ్లు. ఈ ముక్కు కూడా తీసుకుంటే నన్నెవడు పనికి పెట్టుకుంటడు అని."

"అక్కా..."

"పని పోయినందుకు గాదు స్వరూపా. పని ఇంకోటి దొరుకుతది. నాకు తెలిసిందాన్ని నాకే అబద్ధం చేసినవ్."

స్వరూప లేవబోయింది. సుందరమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. మాడిన అన్నం కదలకుండా పైపైన అట్లకాడతో తీసి రెండు కంచాల్లో పెట్టింది. ఎండు రొయ్యలు వేసిన తోటకూర పక్కన వడ్డించింది.

"తిను."

"ఎట్ల తినాలక్కా?"

"చేతితోని. కోపం వేరే, కూర వేరే."

స్వరూప ముద్ద కలిపింది. ఉప్పు తెలిసింది. కారం తెలిసింది. రొయ్య పంటి కింద కరకరమంది.

"మాడు వాసన పట్టింది అన్నానికి" అంది సుందరమ్మ, తన ముద్ద నములుతూ. "రొయ్యలు మాత్రం మంచిగున్నయ్. తడి ఇసుక వాసన. నీకు తెల్వది గద, చెప్తున్న."

"రేపు సేటుకు చెప్త నేను" అంది స్వరూప.

"చెప్పు. నాకు పని కావాలె." సుందరమ్మ ఇంకో గరిటె కూర ఆమె కంచంలో వేసింది. "నువ్వు చెప్పకుంటే నేనే వచ్చి చెప్త."

*

సోమవారం స్వరూప వెనక గేటు తీసినప్పుడు ఆమె వెనకే సుందరమ్మ ఉంది. రేకుల కింద నిలబడిపోయింది. సావిత్రి వంటింటి మెట్ల మీద పూలు కట్టుకుంటోంది. కైలాసం టీ తాగుతున్నాడు.

స్వరూప నాలుగు మాటల్లో చెప్పేసింది. ముక్కు పోయింది. రెండు వారాలైంది. కొబ్బరి వాసన నాకు తెలియలేదు. సుందరక్క చెప్పిందే నిజం.

కైలాసం గ్లాసు కింద పెట్టాడు. "ముక్కు పోవుడు ఏంది? ఎట్ల పోతది?" అని, మళ్లీ తానే గొంతు తగ్గించాడు. "బయట ఎవరికన్న చెప్పినవా? కార్వాన్ అంతా నవ్వుతది నన్ను చూసి. లైసెన్స్ ముక్కు అని నేను ఊరంతా చెప్పుకున్న."

"ఎవరికి చెప్పలేదు సేటూ."

"గట్లయితే వేరే వంటమనిషిని చూడాలె."

సావిత్రి దారం పళ్లతో తెంపింది. "ఆ కొబ్బరి సంచీ ఏదీ?"

"ఏ సంచీ?"

"మీరు తెచ్చింది."

కైలాసం స్టోరు గది వంక చూడకుండా ఉండటానికి గోడ మీది క్యాలెండర్ చూశాడు. సావిత్రి లేచి వెళ్లింది. పరదా తీసిన చప్పుడు వినిపించింది. ఒక చిప్పతో తిరిగొచ్చి దాన్ని భర్త టీగ్లాసు పక్కన పెట్టింది.

కాసేపటికి కైలాసం సంచీని స్కూటర్ ముందు కాళ్ల దగ్గర ఇరికించుకుని, కిక్కు మీద కిక్కు కొట్టి, బేగంబజార్ వైపు వెళ్లిపోయాడు.

"గురువారం పోయిన పేరు మళ్ల గురువారం దాకా ఆగొద్దు" అంది సావిత్రి, తిరిగి మెట్ల మీద కూర్చుని. "ఇయ్యాలనే బగారా బైంగన్ చెయ్. చెయ్యి నీదే ఉండనీ." తర్వాత గడప అవతలికి చూసింది. ఆ మాట అనడం ఆమెకు కొత్త. "సుందరమ్మా, నువ్వు ఆడ నిలబడి వాసన చూసి చెప్పు."

"ఆడ అంటే ఈడనేనా అమ్మా?"

"అవును. ఈడికి నాలుగడుగులే గద."

"నాలుగడుగులే" అంది సుందరమ్మ. "కానీ నా వెనక మురికినీళ్ల మోరీ ఉంది, పక్కన గ్రైండర్ ఉంది. నాకు గవే వస్తయ్. పొయ్యి వాసన రాదు."

సావిత్రి, మంట పెంచితే సరిపోతుందన్నట్టు, స్వరూప వంక చూసి, చెయ్యి ఊపింది. చెయ్యమని.

స్వరూప పల్లీలు రంగు చూసి వేయించింది. పొట్టు పగిలే చప్పుడు విని దించింది. తర్వాత నువ్వులు వేసింది. నువ్వులతోనే చిక్కు. చిట్లడం మొదలయ్యాక అర నిమిషంలో వేగుతాయి, ఇంకో క్షణంలో చేదెక్కుతాయి. రంగు చూసి దించితే అప్పటికే ఆలస్యం. నువ్వులు బాణలిలో చిటచిటమన్నాయి.

"అక్కా?" అంది స్వరూప.

సుందరమ్మ గడపకు కాలిబొటనవేలు తగలకుండా మెడ ముందుకు చాపింది. "తెలుస్తలేదు బిడ్డా. ఫ్యాను గుంజుకుపోతుంది."

స్వరూప గరిటె తిప్పడం ఆపింది.

బాణలి పట్టుకునే గుడ్డ ఆమె భుజం మీదే ఉంది. దాన్ని తీసుకోలేదు. పొయ్యి తగ్గించలేదు. సావిత్రి వంక చూసింది. ఒక నువ్వు ఎగిరి ఆమె మణికట్టు మీద పడింది. కదల్లేదు.

"స్వరూపా, తిప్పు" అంది సావిత్రి.

"ఎప్పుడు దించాలో నాకు తెల్వదమ్మా."

పొగ సన్నగా లేచింది. సావిత్రి బాణలిని చూసింది, గడపను చూసింది. అత్తగారి కాలం నుంచి ఉన్న రాయి అది, మధ్యలో అరిగి నున్నబడింది. రెండోసారి బాణలి వైపు చూసినప్పుడు ఆమె చేతిలోని పూలదండ జారి ఒడిలో పడింది.

"లోపటికి రా సుందరమ్మా" అంది. "తొందరగ రా, మాడిపోతయ్."

నల్లా తిప్పిన చప్పుడు. సుందరమ్మ పాదాల మీద నీళ్లు పోసుకుని, తడి కాళ్లతోనే గడప దాటింది. నాలుగడుగులు. నేల మీద నాలుగు తడి గుర్తులు. బాణలి మీదికి వంగింది.

"దించు."

స్వరూప దించింది. పళ్లెంలో పరిచాక చూస్తే నువ్వులు తేనె రంగులో ఉన్నాయి. అడుగున మాత్రం నాలుగైదు గింజలు నల్లబడ్డాయి. సుందరమ్మ వాటిని గోటితో ఒక్కొక్కటిగా ఏరి పడేసింది.

ఆ తర్వాత వంకాయలు నూనెలో తొడిమలతో సహా తిరిగాయి. రుబ్బిన ముద్ద నూనెలో పడి బుసబుసమంది. చింతపండు పులుసు పోశారు. సావిత్రి నైవేద్యం గిన్నె తీసుకురావడానికి మేడ మీదికి వెళ్లింది. ముందు గదిలో రామ్‌చందర్ గొంతు అప్పుడే వినిపిస్తోంది. ఇయ్యాల ఏం నూనె సేటూ అని ఎవరూ లేని గల్లాపెట్టెను అడుగుతున్నాడు.

స్వరూప మంట తగ్గించి, డేగిసా మీద ముఖం పెట్టి కళ్లు మూసుకుంది. ఆవిరి వెచ్చగా తగిలింది.

"చెప్పక్కా."

సుందరమ్మ పక్కకు వచ్చి వంగింది. "ఇంకా పచ్చిగనే ఉంది. తడి బట్ట మీద ఇస్త్రీ పెట్టినట్టు."

కాసేపు ఆగారు. పులుసు ఉడుకు చప్పుడు చిక్కబడింది. నూనె అంచులకు తేలుతున్నట్టు స్వరూప చెవికి తెలిసింది. కళ్లు తెరవలేదు.

"ఇప్పుడు?"

"ఆగు." సుందరమ్మ మెల్లగా, నిండా పీల్చింది. తొందరేమీ లేని మనిషిలా. "ఇప్పుడు పెండ్లి ఇంటి వెనక పక్క. బంతి కూసున్నది. వంటోళ్లు పెద్ద డేగిసా మూత తీసిన్రు."

స్వరూప పొయ్యి ఆర్పింది. సావిత్రి గిన్నె పట్టుకుని మెట్లు దిగి వస్తోంది.